ఉప్పునేలల్లో సూక్ష్మ నీటిపొరల పాత్ర

కోనసీమ తీరమండలమైన మలికిపురం వంటి ప్రాంతాలలో ఉప్పునీరు చేరిన బంకనేలను మంచినీటితో కడిగితే, ఉప్పు పోయినా, ఆ తరువాత నీరు ఇంకక పైన నిలిచిపోయే ప్రమాదం ఉంది. బంకమట్టి పలకల నడుమ ఉండే అతి పలుచని నీటిపొర స్వభావం తెలిస్తే దీని కారణం అర్థమవుతుంది.

గోదావరి డెల్టా నల్లనేలల్లో స్మెక్టైటు వర్గపు బంకమట్టి అధికం. దాని పలక మందం సుమారు 1 నానోమీటరు. నీటి అణువు వ్యాసం సుమారు 0.28 నానోమీటరు. అంతటి ఇరుకులో నీటి అణువులు వరుసలుగా అమరుతాయి. 1983లో ఇస్రేలాచ్విలి, పాష్లే అనే శాస్త్రవేత్తలు రెండు అభ్రకపు తలాల మధ్య బలాన్ని కొలిచి, తలాల ఎడం ఒక్కొక్క అణువరుస మేర మారినప్పుడల్లా ఆ బలం హెచ్చుతగ్గులకు లోనవుతుందని చూపారు.

పలకల నడుమ కాల్షియం ఉన్నప్పుడు నీరు మూడు, నాలుగు వరుసలకే పరిమితమై, పలకలు కట్టలుగా కలిసి ఉంటాయి. సోడియం అధికమైతే, ఉప్పు గాఢత తగ్గిన కొద్దీ నీటిపొర మందం పెరిగి పలకలు విడిపోతాయి. విడిన రేణువులు నేలలోని రంధ్రాలను పూడ్చివేస్తాయి. ఉప్పు ఎక్కువగా ఉన్నంతకాలం ఈ లోపం కనబడదు. మంచినీరు తగిలినప్పుడే బయటపడుతుంది.

కనుక ముందుగా భూసార పరీక్ష చేయించాలి. వినిమయ సోడియం 15 శాతానికి మించితే, సిఫారసు మేరకు జిప్సం చల్లి కలియదున్నాలి. ఆ పిదపనే మంచినీరు నిలగట్టి, కరిగిన లవణాలను మురుగుకాలువ ద్వారా బయటకు పంపాలి. అంతకు లోపు ఉన్న ఉప్పునేలకు సాధారణంగా మంచినీటితో కడగడం, మురుగు పారుదల చాలు.