అమెరికా పాఠశాలలలో రచనాభ్యాసము

మంచి పుస్తకము నొకదానిని ముగించిన పిమ్మట, ‘నేనును ఇట్లు వ్రాయగలనా?’ అని తలపోయు బాలబాలికలు చాలమంది కలరు. కాని ఆ కోరిక పుట్టినచోటనే అణగిపోవుచుండును. రచన యనునది పుట్టుకతో వచ్చు వరమనియు, దానిని నేర్చుకొనుటకు వీలు లేదనియు వారు భావింతురు. అమెరికా దేశమందలి ఉన్నత పాఠశాలలు అనేకము ఈ భావమును అంగీకరింపవు. సాహిత్యమును చదువుటయు, స్వయముగా వ్రాయుటయు ఒకే విద్యకు రెండు చేతులని యెంచి, అవి రెండింటిని కలిపి నేర్పును.

అచ్చట ఉన్నత పాఠశాల చదువు సాధారణముగా నాలుగు సంవత్సరములు. అది తొమ్మిదవ తరగతితో మొదలై పండ్రెండవ తరగతితో ముగియును. పదునొకండవ తరగతిలో తమ దేశపు సాహిత్యమును చదువుట పెక్కు పాఠశాలలలో వాడుక. దేశమంతటికిని ఒకే పాఠ్యపుస్తకము లేదు. అయినను కొన్ని పేర్లు తఱచుగా కానవచ్చును. నథానియల్ హాథార్న్ 1850లో ప్రకటించిన ‘ది స్కార్లెట్ లెటర్’ నవల, హెన్రీ డేవిడ్ థోరో 1854లో వెలువరించిన ‘వాల్డెన్’, వాల్ట్ విట్మన్, ఎమిలీ డికిన్సన్‌ల కవితలు, 1863లో గెటిస్‌బర్గులో అబ్రహాం లింకన్ చేసిన చిన్న ఉపన్యాసము అట్టివి. మార్క్ ట్వేన్ రచించిన ‘హకిల్‌బెరీ ఫిన్’ కథను అంతగా చదువులేని బీదబాలుడొకడు తన మాటలలోనే చెప్పును. మిసిసిపీ తీరమున జనులు పలుకు భాషలోనే గొప్ప నవల వ్రాయవచ్చునని ట్వేన్ దీనివలన చూపెను. అందు నల్లజాతివారిని కించపఱచు మాట పలుమాఱులు వచ్చుటచే, దానిని బడిలో ఎట్లు చదువవలెనను చర్చ నేటికిని జరుగుచున్నది.

ఒకప్పుడు అమెరికనులలో పలువురు గొప్ప సాహిత్యమనగా ఇంగ్లండునుండి రావలసినదే యనుకొనెడివారు. 1837లో రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ హార్వర్డులో ప్రసంగించుచు, యూరపును అనుకరించుట చాలించి, తమ కన్నులతో చూచి, తమ బుద్ధితో ఆలోచింపుడని తన దేశీయులకు బోధించెను. నేటి రచనాభ్యాసమునందును ఈ బోధయే కనబడును. ఇతరుల రచనలను శ్రద్ధగా చదువవలెను. వ్రాయునపుడు మాత్రము తన కంటికి కనబడినదానిని వ్రాయవలెను.

చదువుటనుండి వ్రాయుట ఎట్లు పుట్టునో తెలిసికొనుటకు బెంజమిన్ ఫ్రాంక్లిన్ చరిత్రమే చక్కని నిదర్శనము. అతడు 1706లో బోస్టను నగరమున జన్మించెను. బడిలో చదివినది రెండేండ్లు మాత్రమే. చిన్నతనముననే తన అన్నగారి ముద్రణాలయములో పనికి కుదిరెను. ‘స్పెక్టేటర్’ అను ఇంగ్లీషు పత్రిక సంపుట మొకటి చేతికి చిక్కగా, అతడొక ఉపాయము పన్నెను. ఒక వ్యాసమును చదివి, ప్రతివాక్యములోని భావమును రెండు మూడు మాటలలో గుర్తు వ్రాసికొనును. కొన్ని దినములు గడచిన పిదప, పుస్తకము చూడకయే ఆ గుర్తులనుండి వ్యాసమును తిరిగి వ్రాయును. తుదకు మూలముతో పోల్చి తన తప్పులను దిద్దుకొనును. ఇట్లు శ్రమించిన బాలుడు 1722లో, పదునాఱేండ్ల వయసున, ఒక విధవరాలి పేరు పెట్టుకొని లేఖలు వ్రాసి, రాత్రివేళ ముద్రణాలయపు తలుపు క్రింద జొనిపెను. వ్రాసినవాడు తన తమ్ముడేయని యెఱుగక అన్నగారు మెచ్చుకొని, పదునాలుగు లేఖలను తన పత్రికలో అచ్చువేసెను.

నేటి తరగతులలో జరుగు పనియు ఇట్టిదే. మొదట ఒక కథను చదువుదురు. కథ ఇచ్చటనే ఏల మొదలయ్యెను? దీనిని ఎవరు చెప్పుచున్నారు? చెప్పక విడిచిన దేమి? అని ఉపాధ్యాయుడు ప్రశ్నించును. పిదప విద్యార్థులు తమ యింటిని గుఱించియో, తమ వీథిని గుఱించియో, తాము చూచిన తగవును గుఱించియో వ్రాయుదురు. ‘అవ్వ చనిపోయిన పిమ్మట మా తాత మిక్కిలి దుఃఖించెను’ అని ఒకడు వ్రాసెననుకొనుడు. ‘అతడు దుఃఖించెనని నీవెట్లు గ్రహించితివి?’ అని ఉపాధ్యాయుడు అడుగును. విద్యార్థి ఆలోచించి, ‘మా తాత ప్రతి ఉదయమును అవ్వ కుర్చీని తుడిచి, తాను నిలువబడియే కాఫీ త్రాగెడివాడు’ అని మార్చి వ్రాయును. దుఃఖమను మాట పోయినది. దుఃఖము మాత్రము చదువరికి కనబడినది.

తరువాత ఆ రచన ప్రతులను తోటివారు చదివి, తమకు నచ్చినదానిని, అర్థము కానిదానిని చెప్పుదురు. అంతవఱకు వ్రాసినవాడు మాటాడక వినవలెనను నియమము పలుచోట్ల కలదు. పరిహాసము చేయుట తగదు. అటుపిమ్మట రచనను తిరిగి వ్రాయుదురు. ఇందు సిగ్గుపడవలసినది లేదు. ప్రసిద్ధ రచయిత ఎర్నెస్ట్ హెమింగ్వే సయితము తన నవల యొక్క చివరి పుటను 39 మాఱులు తిరిగి వ్రాసితినని చెప్పెను. అతడును తన పాఠశాల పత్రికలలో వ్రాసియే చేయి తిప్పుకొనెను.

ఈ చదువు ఒక బాలుని నెంతదూరము తీసికొనిపోయెనో చూడుడు. లాంగ్‌స్టన్ హ్యూస్ అను నల్లజాతి బాలుడు క్లీవ్‌లండు నగరమందలి సెంట్రల్ హైస్కూలులో చదివెను. అచ్చట కార్ల్ శాండ్‌బర్గ్ కవిత్వము అతనికి పరిచయమయ్యెను. సామాన్య జనుల జీవితము కవితకు తగిన వస్తువని గ్రహించి, అతడు పాఠశాల పత్రికలో కవితలు వ్రాసెను. 1920లో చదువు ముగించి, మెక్సికోలోనున్న తండ్రికడకు రైలులో పయనమయ్యెను. కుమారుడు కవి యగుట తండ్రికి సమ్మతము కాదు. ఇంజనీరు కావలెనని ఆయన పట్టుదల. సాయంసంధ్యవేళ రైలు మిసిసిపీ నదిని దాటుచుండెను. ఒకనాడు బానిసలుగా అమ్ముడుపోయిన తనవారికి ఆ నది యేమైయుండెనో అతనికి స్ఫురించెను. వెంటనే ఒక కవరు వెనుకభాగమున కవిత వ్రాసెను. ‘ది నీగ్రో స్పీక్స్ ఆఫ్ రివర్స్’ అను ఆ కవిత 1921లో ‘ది క్రైసిస్’ పత్రికలో వెలువడెను. తాను చదివిన వంటి తరగతులలోనే నేడు అతని కవితను విద్యార్థులు చదువుచున్నారు.

అమెరికాలో నివసించు తెలుగువారి పిల్లలును నేడు అట్టి తరగతులలో కూర్చుందురు. తమ యింటి మాటలును, పెద్దలు చెప్పిన ఊరి కథలును వారికి రచనావస్తువులు కాగలవు. ఆ తరగతిలో చేరినవారందఱును కవులు కారు. కావలసిన పనియు లేదు. కాని ఒక్క పుటను చక్కగా వ్రాయుటకు శ్రమించినవాడు, తరువాత ఏ పుస్తకమును తెఱచినను అందలి ప్రతివాక్యము వెనుకనున్న శ్రమను గుర్తించును. తన జీవితమును ఆదరముతో చూచుట నేర్చుకొనును. సాహిత్యవిద్యకు అంతకు మించిన ఫలము వేఱొకటి లేదు.