గరగరల అడుగున ఒక బ్యాండు

బేబీ డాడ్స్ కింగ్ ఆలివర్ క్రియోల్ జాజ్ బ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు. 1923లో షికాగో దక్షిణపు వాడలో లింకన్ గార్డెన్స్ డాన్సు హాల్లో రాత్రుళ్ళు జనం ఆడింది ఆయన దరువు మీదే. అదే ఏడాది ఆ బ్యాండు ఇచ్చిన రికార్డుల్లో మాత్రం ఆ డ్రమ్ములు దాదాపు లేవు. టకటకమని ఒక చెక్కదిమ్మె మోత వినిపిస్తుంది, అంతే. రికార్డింగు గదుల్లోకి అప్పటికింకా మైకులు రాలేదు. పెద్ద తగరపు బూర ముందు నిలబడి వాయిస్తే, ఆ గాలి అదురుకే ఒక ముల్లు కదిలి మైనం పలక మీద గీత గీసేది. పెద్ద డ్రమ్ము మీద ఒక్క దెబ్బ పడితే ముల్లు ఎగిరిపడి పలక పాడయ్యేది. అందుకని డ్రమ్ములు వద్దన్నారు. అలాగే బాస్ వాయించే బిల్ జాన్సన్ చేతికి బాస్ బదులు బాంజో వచ్చింది.

కాబట్టి కింగ్ ఆలివర్ క్రియోల్ జాజ్ బ్యాండు రికార్డులను ఎంత శుభ్రం చేసినా లింకన్ గార్డెన్స్ మనకు దొరకదు. పలక మీదికి ఎక్కనిదాన్ని ఎవరూ దించలేరు. తొలి పాటల్లో దొరికేది ఇండియానా రాష్ట్రం రిచ్‌మండ్ ఊళ్ళో, ఒక పియానో ఫ్యాక్టరీ ఆవరణలో, రైలు పట్టాల పక్క గది. స్టార్ పియానో కంపెనీ వాళ్ళు జెన్నెట్ అన్న పేరుతో రికార్డులు కూడా వేసేవారు. బయటి చప్పుడు ఆపడానికి గోడల మధ్య రంపపు పొట్టు కూరారు. అయినా రైలు వస్తే పని ఆపేయడమే. 1923 ఏప్రిల్ 5, 6 తేదీల్లో ఆ గదిలో తొమ్మిది పాటలు పూర్తయ్యాయి. తెల్లజాతి దురహంకారుల సంఘం కూ క్లక్స్ క్లాన్ జోరుగా ఉన్న ఊరు అది. డబ్బిచ్చి చేయించుకుంటే క్లాన్ పాటల రికార్డులు కూడా వేసిపెట్టిన ఫ్యాక్టరీ అది. న్యూ ఆర్లీన్స్ నల్లజాతి సంగీతానికి తొలినాటి నమ్మకమైన సాక్ష్యం దొరికింది అలాంటి చోట.

తొలి జాజ్ రికార్డు అప్పటికే ఆరేళ్ళ కిందట, 1917లో వచ్చింది. వాయించినవాళ్ళు తెల్లవాళ్ళు, ఒరిజినల్ డిక్సీలాండ్ జాజ్ బ్యాండు. సంగీతం పుట్టించినవాళ్ళ వంతు ఆలస్యంగా వచ్చింది. ట్రంపెట్‌కు పొట్టి చుట్టమైన కార్నెట్ మీద ‘కింగ్’ అని పేరున్న జో ఆలివర్, రెండో కార్నెట్ మీద ఇరవై ఒక్కేళ్ళ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, క్లారినెట్ మీద జానీ డాడ్స్, డ్రమ్ముల దగ్గర అతని తమ్ముడు బేబీ, ట్రాంబోన్ మీద హోనోరే డూట్రే, పియానో దగ్గర లిల్ హార్డిన్. 1923లో జెన్నెట్, ఓకే, కొలంబియా, పారమౌంట్ అనే నాలుగు కంపెనీలకు వాయించారు. ఇవాళ మనకు మిగిలినవి 37 రికార్డింగులు.

ఆ రికార్డుల ఒంట్లో మన దేశపు సరుకు ఉంది. మోదుగ, రేగు చెట్ల కొమ్మలమీద పురుగులు పెట్టే లక్క ఆ రోజుల్లో ప్రపంచానికి ముఖ్యంగా ఇక్కడి నుంచే, ఎక్కువగా ఛోటా నాగపూర్ అడవుల వైపు నుంచి వెళ్ళేది. దాన్లో రాతిపొడి కలిపి రికార్డులు ఒత్తేవారు. రాతిపొడి ఎందుకంటే, స్టీలు ముల్లు గాడిలో పడి తిరిగేకొద్దీ అరిగి గాడికి సరిపోవాలి. ముల్లుతోపాటు గాడీ అరిగేది. బరువైన సౌండుబాక్సు కింద ఎక్కువగా నలిగింది గట్టిగా వాయించిన చోట్లే. జనం మెచ్చిన రికార్డు జనం చేతుల్లోనే పోయిందన్నమాట. కంపెనీల దగ్గరి లోహపు అచ్చులు చాలావరకు మిగలలేదు. అందుకే ఇవాళ పని చేసేవాళ్ళకు ఆధారం పాత సరుకు పోగేసేవాళ్ళ అలమరల్లోని అరిగిన ప్లేట్లే.

బాగుచేయడం అంటే కంప్యూటర్లో మీట నొక్కడం అనుకుంటాం. అసలు పని అంతకుముందే సగం అయిపోతుంది. గాడి అడుగున అరిగి ఉంటే కాస్త వెడల్పు ముల్లు పెట్టి పైగోడ మీద నడిపిస్తారు. పైన అరిగి ఉంటే సన్నముల్లు లోపలికి దింపుతారు. ఒకే రికార్డు నాలుగు ముళ్ళకు నాలుగు రకాలుగా పలుకుతుంది. నడిమి కన్నం సరిగ్గా నడిమిన లేకపోతే శ్రుతి ఊగుతుంది, పళ్ళెం మీద జరిపి సరిచూడాలి. ఇక వేగం. 78 అని పేరే గానీ నిమిషానికి 78 చుట్లు తిరిగేలా ఆనాడు నిక్కచ్చిగా కోసినవాళ్ళు తక్కువ. నాలుగైదు చుట్లు తేడా పడితే శ్రుతి దాదాపు అరమెట్టు మారిపోతుంది. ఇత్తడి వాయిద్యాలవాళ్ళకు చేతికి హాయిగా ఉండే శ్రుతులు కొన్నే ఉంటాయి, వాటిని బట్టి అసలు వేగాన్ని పట్టుకోవాలి. ఇక్కడ చెవి కన్నా సంగీతజ్ఞానం ముఖ్యం. వేగం సరిపడగానే తొందరలో ఉన్నట్టున్న బ్యాండు తీరిగ్గా నడుస్తుంది. ఆడేవాళ్ళ కాళ్ళకు తగిన నడక అది.

ఈ పనిలో ఆరితేరిన ఇంగ్లండు వాడు జాన్ ఆర్.టి. డేవిస్. 2004లో చనిపోయాడు, స్వయానా వాద్యకారుడు. టేపు మీదికి ఎక్కించాక, ఒక్కొక్క చిటపటనూ వెతికి పట్టుకుని, ఆ చోట టేపు మీది పూతను బ్లేడుతో గీకేసేవాడు. వేల చిటపటలు, వేల గీకుళ్ళు. ఆలివర్ రికార్డులను కూడా ఆయన ఇలాగే బాగుచేశాడు. తర్వాత అమెరికాలో డేవిడ్ సేగర్, డగ్ బెన్సన్ కలిసి, దొరికిన మంచి కాపీలను కూడగట్టి 1923 పాటలన్నిటినీ రెండు సీడీలుగా తెచ్చారు. సేగర్ ట్రాంబోన్ వాయిస్తాడు. ఏది దుమ్మో ఏది ఊపిరో తేల్చాల్సి వచ్చినప్పుడు ఊదిన అనుభవం ఉండటం చిన్న విషయం కాదు.

ఇంతా చేశాక వినిపించేదేమిటి? నా వరకు, ఆర్మ్‌స్ట్రాంగ్ కాదు, ఆలివర్. మనందరం ఈ రికార్డులను వెనకనుంచి విన్నాం. ఆర్మ్‌స్ట్రాంగ్ లోకానికంతా తెలిసినవాడయ్యాక, ఆయన మొదటి సోలో ‘చైమ్స్ బ్లూస్’లో ఉందని తెలిసి దానికోసం వెతుక్కుని, మిగతా మోతను ముతక నేపథ్యంగా భరించాం. గరగర తగ్గాక తెలుస్తుంది, అది మోత కాదని. మన పెళ్ళి బ్యాండు మేళంలో క్లారినెట్, ట్రంపెట్ ఒకే వరసను కలిసి వాయిస్తాయి. ఇక్కడ వరస ఆలివర్‌ది, క్లారినెట్ దానిమీదుగా పాకుతుంది, ట్రాంబోన్ కిందనుంచి జారుతూ ఖాళీలు నింపుతుంది. రెండో కార్నెట్‌తో కలిపి నలుగురూ ఒకేసారి మాట్లాడతారు, ఎవరి మాట మీదా ఎవరూ పడరు. ‘స్నేక్ ర్యాగ్’లో తాళం ఆగే విరుపుల్లో రెండు కార్నెట్లు జంటగా దూకుతాయి. కాగితం మీద రాసుకున్నది కాదు. రాబోయే విరుపులో తాను వాయించబోయేది ఆలివర్ ముందుగానే గుంపు వాద్యంలో సూచించేవాడనీ, దానికి తాను జత అల్లేవాణ్ణనీ ఆర్మ్‌స్ట్రాంగ్ తర్వాత చెప్పాడు. పాత కాపీల్లో ఆ జంట ఒకే బొంగురు గొంతు. ఇప్పుడు రెండు గొంతులు.

లూయీ కార్నెట్ మిగతావాళ్ళను ముంచేస్తోందని బూరకు దూరంగా, గదిలో ఒక మూల నిలబెట్టారని లిల్ హార్డిన్ చెప్పిన కథ జాజ్ పుస్తకాలన్నిటా ఉంది. మంచి కాపీ వింటే రెండో కార్నెట్ అంత దూరంలో ఉన్నట్టు నా చెవికి అనిపించదు. కథ అందంగా ఉంది కాబట్టి నిలబడిందేమో.

‘డిప్పర్ మౌత్ బ్లూస్’లో ఆలివర్ సోలో మాత్రం ఏ కాపీలో విన్నా ఆగదు. కార్నెట్ నోటికి అడ్డుపెట్టిన మూతను తెరుస్తూ మూస్తూ పిల్లాడి ఏడుపులా, ముసలాయన గొణుగుడులా పలికించాడు. రెండేళ్ళకే ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండు ఆ పాటను పేరు మార్చి వాయించినప్పుడు, అందులో చేరిన ఆర్మ్‌స్ట్రాంగే గురువు సోలోను వాయించాడు.

1924 మొదట్లో డబ్బు పంచాయితీతో డాడ్స్ అన్నదమ్ములు బ్యాండు వదిలేశారు. ఆర్మ్‌స్ట్రాంగ్ లిల్‌ను పెళ్ళి చేసుకుని, ఆమె పోరు మీద బయటికి వెళ్ళాడు. ఆలివర్‌కు చిగుళ్ళ జబ్బు, పళ్ళు పోయాయి. కార్నెట్ వాయించేవాడికి పళ్ళు పోతే ఏముంటుంది? జార్జియాలోని సవానాలో కూరగాయలమ్ముతూ శిష్యుడికి కనిపించాడు. పూల్ హాలు ఊడ్చే పని చేస్తూ 1938లో పోయాడు.

ఈ రికార్డింగుల మీద అమెరికాలో హక్కులు 2024 జనవరి 1న తీరిపోయాయి. ఇక ఎవరైనా తీసుకోవచ్చు, శుభ్రం చేయవచ్చు, వదలవచ్చు. మంచిదే. కాకపోతే గరగర మొత్తం తుడిచేస్తామనే సాఫ్టువేరు, దాంతోపాటు కార్నెట్ మొన మీది కరుకునూ, బాంజో తీగ మీటిన తొలి తాకిడినీ తుడిచేస్తుంది. నీళ్ళ కింద వాయిస్తున్నట్టుండే అలాంటి కాపీకన్నా చిటపటలున్న పాత కాపీయే నయం. డేవిస్ బ్లేడు తీసేసిన దానికన్నా ఉంచేసినదే ఎక్కువ.

1923 అక్టోబరులో జెన్నెట్‌కే మళ్ళీ వాయించిన ‘జూలూస్ బాల్’కు లోకంలో తెలిసిన ప్లేటు ఒక్కటే. మిగతా చాలా పాటలకైతే ఒక కాపీలో అరిగిన చోటికి ఇంకో కాపీ సాయం తెచ్చుకోవచ్చు. దీనికి ఆ వీలు లేదు. ఆ ఒక్క ప్లేటు మీద ఎక్కడ గీత పడిందో అక్కడ పాట కూడా పడింది, ఇంకోటి బయటపడేదాకా ఎవరి పనితనమూ అక్కడ పనికిరాదు.