దూరవాణిలో వైద్యుడు

కరీంనగరు శాతవాహన విశ్వవిద్యాలయ విద్యార్థులకు పట్టణమందే వైద్యులు గలరు. బాసరలో, అనగా పూర్వపు ఆదిలాబాదు సీమలో, 2008లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీ తీరు వేరు. పదవ తరగతి ముగించిన పిల్లలు అచ్చటి వసతిగృహములందే ఆరేండ్లు చదువుదురు. జ్వరము వచ్చినచో చెప్పుకొందురు. మనసు క్రుంగినప్పుడే చిక్కు.

2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ 14416 సంఖ్యపై ఉచితముగా, రాత్రింబవళ్లు, తెలుగులోనే పలుకుచున్నది. చేతిలో ఫోనుండియు విద్యార్థి వెనుదీయుటకు హేతువేమి? పలువురు పంచుకొనిన గదిలో గుట్టుగా మాటాడు తావు లేకపోవుటయే ప్రధానమని మేము తలచుచున్నాము. ఇంటివారికి తెలియునేమోనన్న జంకు దాని వెన్నంటి వచ్చును. రోగి సంగతులు బయటపెట్టరాదని 2020 మార్చిలో వెలువడిన దూరవైద్య మార్గదర్శకములు వైద్యుని శాసించినవి; ఈ మాట పిల్లల చెవికి చేరవలసియున్నది. కొన్ని మత్తుమందులను మాత్రము ఫోనుమీద వ్రాయరాదు. వానికి ఆసుపత్రికి పోవలసినదే.

సెలవులకు ఇల్లు చేరిన బిడ్డ ఫోను పట్టుకొని లోపలికి పోయినచో, తలుపు దగ్గరగా వేసి పెద్దలు కొంత తడవు ఈవలకు వచ్చుట మంచిది.