షిఫ్టుల ఊళ్ళో చిన్న చేతుల పని

పటాన్‌చెరు నుంచి ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం మీదుగా సంగారెడ్డి దాకా 65వ నంబరు జాతీయ రహదారికి అటూ ఇటూ ఉన్న ఇళ్ళలో పిల్లల ఆటలు కంపెనీ షిఫ్టులను బట్టి సాగుతాయి. పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, బొంతపల్లి పారిశ్రామికవాడల చుట్టూ ఉన్న బస్తీల్లోనూ అంతే. ఉదయం ఆరుకు ఒక షిఫ్టు, మధ్యాహ్నం రెండుకు ఇంకొకటి, రాత్రి పదికి మరొకటి. చిన్న కంపెనీల్లో పన్నెండు గంటల డ్యూటీలూ మామూలే. రామచంద్రాపురంలోని బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్‌లో చెట్ల నీడ, ఆటస్థలం ఉంటాయి. ఇస్నాపూర్ సందుల్లో కిరాయికి దొరికేది మాత్రం ఒక గది, దానికో వంట మూల. నైట్ డ్యూటీ దిగిన తండ్రి ఆ గదిలోనే పగలు పడుకోవాలి. మూడేళ్ళ పిల్ల మెలకువగా ఉండేదీ ఆ గదిలోనే. తల్లి కూడా ప్యాకింగ్ పనికో, ఇళ్ళలో పనికో పోతుంటే పిల్ల నాయనమ్మ దగ్గరో, పక్క పోర్షన్ వాళ్ళ దగ్గరో, అంగన్‌వాడీలోనో ఉంటుంది.

ఇలాంటి ఇంట్లో చప్పుడు చెయ్యకుండా, ఖర్చు లేకుండా, చాపంత జాగాలో ఆడుకోగలిగే ఆటలు కావాలి. కాగితం చింపడం, మడవడం, పిండి ముద్దతో బొమ్మలు చెయ్యడం, గుడ్డ పేలికలతో పాపాయిని కట్టడం అలాంటివే. ఇవి లేని చోట ఆ జాగాలోకి ఫోన్ వచ్చేస్తుంది. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలు రోజుకు గంటకు మించి తెర ముందు కూర్చోకూడదని, ఏడాది లోపు పిల్లలకు తెర అసలు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అలసిపోయిన తల్లిదండ్రులకు ఫోన్ ఇవ్వడం సులువన్నది నిజం. వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు, ఫోన్‌కు బదులుగా పిల్లల చేతికి ఇవ్వగలిగింది ఇంట్లో సిద్ధంగా ఉండాలి.

ఏ వయసుకు ఏ పని అన్నది తెలిస్తే సగం విసుగు తగ్గుతుంది. రెండేళ్ళ పిల్లకు కాగితం చింపడమే పెద్ద పని. పాత పేపరు ముక్కలు చేసి గిన్నెలో వేస్తే వేళ్ళకు పట్టు వస్తుంది. మూడేళ్ళకు గుండ్రని గీత గీయగలదు, పెద్ద రంధ్రాలున్న పూసల్ని దారానికి గుచ్చగలదు. నాలుగేళ్ళకు తల, కాళ్ళు, చేతులు పెట్టి మనిషి బొమ్మ వేస్తుంది. మొన గుండ్రంగా ఉన్న చిన్న కత్తెరతో గీత వెంట కత్తిరించడం నాలుగు, అయిదేళ్ళ మధ్య కుదురుతుంది. అంతకన్నా ముందే అందంగా కత్తిరించాలని కూర్చోబెడితే పిల్లకు ఏడుపు, పెద్దలకు కోపం. పిల్ల చేసింది వంకరగా ఉందని పెద్దలు లాక్కుని సరిచెయ్యడం చాలా ఇళ్ళలో కనిపిస్తుంది. దానివల్ల బొమ్మ బాగుపడుతుంది గానీ, పిల్ల మళ్ళీ దాని జోలికి రాదు.

సామాన్ల కోసం బజారుకు వెళ్ళనక్కర లేదు. కిరాణా కొట్టు వాడిచ్చిన పాత క్యాలెండరు వెనుక తెల్లగా ఉండి బొమ్మలు వేయడానికి పనికొస్తుంది. మందమైన కాగితం కాబట్టి మడిస్తే నిలబడుతుంది కూడా. అట్టపెట్టెలు ఇల్లవుతాయి, బస్సవుతాయి. కంపెనీ బస్సును రోజూ చూసే పిల్లలు అట్టపెట్టెతో మొదట చేసేది బస్సే. జిగురు కొనాల్సిన పనీ లేదు. రెండు చెంచాల మైదాను గ్లాసెడు నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి సన్న మంట మీద చిక్కబడేదాకా తిప్పితే కాగితాన్ని గట్టిగా పట్టే జిగురు తయారవుతుంది. అన్నం గంజి చిక్కగా ఉంటే అదీ పనిచేస్తుంది. టైలర్ దగ్గర ఊరికే దొరికే కత్తిరింపులతో గుడ్డబొమ్మ చెయ్యొచ్చు. బొంతలు కుట్టిన నాయనమ్మ ఇంట్లో ఉంటే ఆ పని ఆమెకు వదిలెయ్యడమే మంచిది. సూది దారం చేతిలో ఉన్నంతసేపు ఆమె చెప్పే కథ పిల్లలు కదలకుండా వింటారు.

రంగులు వంటింట్లో ఉన్నాయి. పసుపు నీళ్ళతో పచ్చని రంగు, బీట్‌రూట్ రసంతో గులాబీ. పసుపు పూసి ఆరబెట్టిన కాగితం మీద సబ్బు నీళ్ళతో బొమ్మ గీస్తే గీసిన చోట ఎర్రబడుతుంది, దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పచ్చబడుతుంది. పసుపులోని కుర్కుమిన్ సబ్బు వంటి క్షారం తగిలితే ఎర్రగా, ఆమ్లం తగిలితే పచ్చగా మారుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడేదీ ఇందుకే. అయిదేళ్ళ పిల్లకు క్షారం అనే మాట అక్కర్లేదు, రంగు మారడం చూస్తే చాలు.

మట్టికి బదులు పిండి ముద్ద ఈ ప్రాంతానికి బాగా సరిపోతుంది. రెండు గ్లాసుల గోధుమపిండి, ఒక గ్లాసు ఉప్పు, చెంచా నూనె వేసి, కొంచెం కొంచెంగా గ్లాసెడు నీళ్ళు పోస్తూ చపాతీ పిండి కన్నా గట్టిగా కలపాలి. మూత డబ్బాలో పెడితే కొన్ని రోజులు మెత్తగా ఉంటుంది, చేసిన బొమ్మను ఎండలో పెడితే గట్టిపడుతుంది. ఇందులో ఉప్పు ఎక్కువ, తింటే పిల్లలకు ప్రమాదం. ప్రతిదీ నోట్లో పెట్టుకునే వయసు దాటాకే ఇవ్వాలి, అప్పుడు కూడా పెద్దవాళ్ళు పక్కనే ఉండాలి.

నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు పల్లెల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలకు ఇంకో వస్తువు తెలుసు, అది జొన్న సొప్ప. అటువైపు నల్లరేగళ్ళలో యాసంగి జొన్న కోశాక ఎండిన దంటు పై తొక్క ఒలిస్తే లోపల తెల్లని మెత్తని బెండు వస్తుంది. దానితో ఎడ్లబండి చేసే పద్ధతి తాతల చేతుల్లో ఇంకా ఉంది. జానెడు బెండ్లు రెండు పక్కపక్కన పెట్టి, వాటి మీద అడ్డంగా చిన్న ముక్కలు పేర్చి, ఒలిచిన తొక్కను సన్నగా చీల్చి మేకుల్లా గుచ్చుతారు. మేకు, జిగురు, దారం ఏదీ అక్కర్లేదు. ముందుకు పొడుచుకొచ్చిన రెండు కొసలు నొగలు, వాటి మీద అడ్డంగా కాడి. లావుపాటి దంటు నుంచి బిళ్ళలుగా కోసిన ముక్కలు చక్రాలు, గట్టి తొక్క చీలిక ఇరుసు. మిగిలిన చిన్న ముక్కలతో కళ్ళద్దాలు కూడా చేస్తారు. తొక్క అంచు బ్లేడులా కోస్తుంది కాబట్టి ఒలిచేది, చీల్చేది పెద్దవాళ్ళే, గుచ్చడం పిల్లల పని. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పరిశోధించే ముఖ్య పంటల్లో జొన్న ఒకటి. ఆ పొలాల గోడ బయట పుట్టి పెరిగిన పిల్లల్లో చాలామందికి సొప్ప చేతితో తాకిన అనుభవం లేదు. ఊరికి పోయి వచ్చేటప్పుడు నాలుగు దంట్లు సంచిలో వేసుకొస్తే ఒక ఆదివారం గడుస్తుంది.

బడికి వెళ్ళే వయసు పిల్లలకు అరవింద్ గుప్తా పద్ధతి ఉంది. 1953లో పుట్టిన ఆయన ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగ్ చదివి పుణెలోని టెల్కో లారీల కర్మాగారంలో పనిచేశారు. 1970ల చివర్లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమానికి వెళ్ళి, పల్లె పిల్లలకు చెత్తలోంచి ఆటవస్తువులు చేసి చూపడం మొదలుపెట్టారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పుస్తకాలు తెలుగులోనూ ఉన్నాయి. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు ఆయనకు పేరు తెచ్చిన సామాన్లు. పుల్లల మందు గీకేసి, సన్నని రబ్బరు ట్యూబును చిన్న ముక్కలుగా కోసి కీళ్ళుగా వాడతారు. నాలుగు పుల్లలతో చేసిన చతురస్రాన్ని నొక్కితే పక్కకు ఒరిగిపోతుంది. మూడు పుల్లల త్రికోణం మాత్రం ఎంత నొక్కినా ఆకారం మారదు. పాశమైలారం షెడ్ల కప్పు కింద ఇనుప కడ్డీలన్నీ త్రికోణాలుగా ఎందుకు ఉన్నాయో ఆ మూడు పుల్లలు చెప్పేస్తాయి. షెడ్డులో పనిచేసే తండ్రి పిల్లకు తన పని గురించి చెప్పడానికి ఇంతకన్నా మంచి సందు దొరకదు.

చెత్తలోంచి బొమ్మలు అనే మాటకు ఈ ప్రాంతంలో ఒక హద్దు గీయాలి, అందులో రాజీ పనికిరాదు. కంపెనీ నుంచి బయటికొచ్చిన చెత్త పిల్లల చేతికి రాకూడదు. రసాయనాలు పట్టిన ఖాళీ డ్రమ్ములు, సంచులు, వాటి లోపలి ప్లాస్టిక్ పొరలు 2016 నాటి కేంద్ర నియమాల ప్రకారం ప్రమాదకర వ్యర్థాల కిందికే వస్తాయి. ఎన్నిసార్లు కడిగినా ప్లాస్టిక్ పీల్చుకున్నది పూర్తిగా పోదు. రంగురంగుల మూతలు, మెరిసే రేకులు, మెత్తని ఫోమ్ ముక్కలు పిల్లలకు ముద్దొస్తాయి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ముక్కను ఇంట్లోకి రానివ్వకపోవడం మంచిది. వాడిన చేతి తొడుగులతో తోలుబొమ్మల్లాంటివి చెయ్యాలని అనిపిస్తుంది, అది వద్దు. కొత్త నూలు తొడుగు ఉంటే దాని వేళ్ళ మీద కళ్ళు, ముక్కులు కుట్టి ఆడించవచ్చు. డ్యూటీ బట్టలకు అంటిన పొడి, ధూళి కూడా ఇంటిదాకా వస్తాయి. అందుకే ఇంటికి రాగానే స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే పిల్లను ఎత్తుకోవాలి, ఆ బట్టలు విడిగా ఉతకాలి.

మట్టి సంగతీ ఇంతే. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలను లెక్కగట్టినప్పుడు పటాన్‌చెరు–బొల్లారం తీవ్రంగా కలుషితమైన వాటిలో చేరింది. కంపెనీల నీళ్ళు మోసిన నక్కవాగు చివరికి మంజీరలో కలుస్తుంది. వాగు గట్టు మట్టి, కంపెనీ గోడ పక్క మట్టి పిల్లలు పిసికే మట్టి కావు. కుమ్మరి దగ్గర కొన్నది, సొంత ఊరి చెరువు నుంచి తెచ్చుకున్నది మేలు.

గింజల విషయంలో పెద్దలు కూడా పొరబడతారు. ఎర్రగా, నల్లని చుక్కతో మెరిసే గురివింద గింజ విషం, నమిలితే ప్రాణాపాయం. ఆముదం గింజలూ విషమే. శీతాఫలం గింజల పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. చింతపిక్కలు విషం కాదు గానీ మూడేళ్ళ లోపు పిల్లల గొంతులో ఇరుక్కోవచ్చు. బటన్ బ్యాటరీలు, పగిలిన బెలూన్ ముక్కలు ఏ వయసు చిన్నపిల్లలకూ అందకూడదు. పాత డబ్బాల్లో మిగిలిన గోడ రంగు, తలుపుల రంగు బొమ్మలకు వెయ్యకూడదు. ఇళ్ళకు వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించరాదన్న నియమం 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది, పాత డబ్బాకు ఆ భరోసా లేదు. కొనే బొమ్మలకు 2021 జనవరి నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. సంతలో, రోడ్డు పక్కన ఆ గుర్తు లేనివి ఇంకా కనిపిస్తాయి.

ఇంట్లో సాధ్యం కానిది అంగన్‌వాడీలో జరగాలి. 1975 అక్టోబరు 2న దేశంలో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకంలో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు ఆటపాటల చదువు మొదటి నుంచీ భాగం. 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా ఎనిమిదేళ్ళ దాకా ఆట, బొమ్మ, చేతిపని ద్వారానే నేర్పమంటుంది. 30 మందికి మించి మహిళలు పనిచేసే కర్మాగారంలో ఆరేళ్ళ లోపు పిల్లలకు గది ఉండాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పేది. చిన్న కంపెనీలు, కాంట్రాక్టు పని ఎక్కువున్న చోట ఆ లెక్క సులువుగా జారిపోతూ వచ్చింది. కాబట్టి బస్తీలోని అంగన్‌వాడీ మీదే భారం. ఒరియా, హిందీ, తెలుగు ఇళ్ళ పిల్లలు అక్కడ ఒకే చాప మీద కూర్చుంటారు. పిండి ముద్ద పిసకడానికి భాష అడ్డు రాదు, ఈ బస్తీల్లో చేతిపనికి ఉన్న పెద్ద బలం అదే.

పండుగలు వచ్చినప్పుడు ఈ పనులన్నీ గదిలోంచి వాకిట్లోకి వస్తాయి. వినాయక చవితికి మట్టి గణపతి. పెద్దలు పెద్ద ముద్ద చేస్తే పిల్లలు ఎలుకను, ఉండ్రాళ్ళను చేస్తారు. భాద్రపద అమావాస్యకు ఎంగిలిపూల బతుకమ్మ. 2014లో రాష్ట్ర పండుగ అయిన బతుకమ్మలో పిల్లల వాటా పిల్ల బతుకమ్మ. పెద్ద బతుకమ్మ పేర్చగా మిగిలిన పూలతో దాన్ని పిల్లలే పేరుస్తారు. పళ్ళెంలో గుమ్మడి ఆకు పరిచి, తంగేడు పూలు అంచున గుండ్రంగా పెట్టి, నడుమ ఆకులు, పూరెమ్మలు కూరి, పై వరుసకు గునుగు. తెల్ల గునుగును చిన్న కట్టలుగా కట్టి రంగు నీళ్ళలో ముంచడం పిల్లలకు అన్నిటికన్నా ఇష్టం. వేళ్ళకు రంగు అంటుతుంది, వాకిలి తడుస్తుంది, ఆ రోజు ఎవరూ కసరరు. వరుస వరుసకూ చుట్టు తగ్గించుకుంటూ పైకి పోవాలన్న లెక్క ఎవరూ చెప్పకుండానే పట్టుబడుతుంది, తగ్గించకపోతే పేర్పు కూలుతుంది కాబట్టి. ఒకప్పుడు అమీన్‌పూర్, బీరంగూడ ఖాళీ జాగాల్లో గునుగు ఊరికే పెరిగేది. ఇప్పుడు అక్కడ ఇళ్ళు లేచాయి, పూలు బజారులో కొంటున్నారు.

మార్గశిరంలో గురువారాలు ఒరియా ఇళ్ళ ముందు బియ్యప్పిండి ముద్దతో ఝోటి వేస్తారు. ధనుర్మాసం రాగానే పక్క వాకిట్లో ముగ్గులు మొదలవుతాయి. ఒకే కాంపౌండులో పిల్లలు ఇటు చుక్కలు పెట్టి, అటు వేళ్ళతో పాదాలు దిద్ది రెండూ నేర్చుకుంటారు. సంక్రాంతికి గాలిపటం. పల్చని కాగితం, రెండు చీపురు పుల్లలు, మైదా జిగురు, కింద గుడ్డ తోక ఉంటే చిన్నపిల్లల పటం తయారు. దారం నూలుదే కట్టాలి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది, అది మెడల్ని, పక్షుల రెక్కల్ని కోస్తుంది. కరెంటు తీగలు అల్లుకున్న బస్తీ సందుల్లో కాకుండా తీగల్లేని మైదానానికి పెద్దవాళ్ళు వెంట తీసుకెళ్ళి ఎగరెయ్యాలి. పటం తీగకు చిక్కుకుంటే కర్రతో లాగకుండా అక్కడే వదిలేసి, ఇంటికొచ్చి ఇంకొకటి చేసుకోవాలి.