ఉక్కు దూలానికి కర్బన పట్టీ

పుదుచ్చేరి సముద్రపు ఒడ్డున ఫ్రెంచివారు ఓడల సరుకు దించుకోవడానికి 19వ శతాబ్దంలో ఇనుప వంతెన ఒకటి కట్టారు. 1952 తుపానుకు అది కూలిపోయింది. తుపాను ఎప్పుడో వస్తుంది. ఉప్పుగాలి మాత్రం రోజూ వీస్తుంది. ఈ ఊళ్లో ఉక్కు దూలాలకు అసలు శత్రువు అదే. తుప్పు తిన్నకొద్దీ దూలం పలచబడుతుంది. పైనున్న మిద్దె బరువు మాత్రం తగ్గదు కదా!

ఒక రబ్బరు ముక్క పక్కన నిలువు గీతలు గీసి, రెండు చివర్లూ కిందికి వచ్చేలా వంచండి. పై గీతలు దూరం జరుగుతాయి, కిందివి దగ్గరవుతాయి. గోడల మీద ఆనిన దూలం మధ్యలో కిందికి వంగుతుంది కనుక అక్కడ ఇది తలకిందులు: సాగేది అడుగు భాగం. బలం చేర్చవలసిందీ అక్కడే.

పూర్వం అక్కడ ఉక్కు పలక అతికేవారు. అది బరువు, పైగా అదీ తుప్పు పడుతుంది. ఇప్పుడు కర్బన పీచు పట్టీని ఎపాక్సీ జిగురుతో అంటిస్తున్నారు. ఈ పీచు పోగు మందం వెంట్రుకలో సుమారు పదో వంతు. 1991లో స్విట్జర్లాండులో ఇబాఖ్ కాంక్రీటు వంతెనకు 175 కిలోల ఉక్కు పట్టేచోట 6.2 కిలోల పట్టీలు సరిపోయాయి. ఇంగ్లాండులో 1810 నాటి టిక్‌ఫర్డ్ పోత ఇనుప వంతెననూ 1999లో ఇలాగే బలపరిచారు.

ఉక్కుతో వ్యవహారం అంత సులువు కాదు. జోడెద్దుల్లో బిగువుగా లాగే ఎద్దు మీదే ఎక్కువ బరువు పడుతుంది. కాంక్రీటు బిగువు సుమారు 30 గిగాపాస్కల్‌లు, ఉక్కుది 200, మామూలు కర్బన పట్టీది 165 ప్రాంతం. కాంక్రీటు పక్కన పట్టీయే బలమైన ఎద్దు. ఉక్కు పక్కన కాదు. అందుకే ఉక్కుకు మందమైన పట్టీలో, మరింత బిగువైన ఖరీదైన పీచో కావాలి.

ఇంకో చిక్కు. టార్చిలైటు సెల్లు విప్పి చూశారా? నడుమ కర్బన కడ్డీ, చుట్టూ జింకు డబ్బా, మధ్యన తడి రసాయనం. వాడినకొద్దీ తరిగిపోయేది జింకే. కర్బన పట్టీ నేరుగా ఉక్కుకు తగిలి, మధ్యన ఉప్పునీటి తేమ చేరిందా, అక్కడా సెల్లు తయారవుతుంది. జింకు స్థానంలో ఉక్కు! కాపాడవచ్చిన పట్టీయే దూలాన్ని తినేస్తుంది. పుదుచ్చేరి వంటి ఊళ్లో నాకు అన్నిటికన్నా భయం దీనితోనే. విరుగుడు చవకైనదే: రెంటి మధ్యా పలుచని గాజు పీచు పొర. గాజు విద్యుత్తును పోనివ్వదు.

జిగురు సంగతీ ఉంది. మామూలు వేడిమిలో గట్టిపడే ఎపాక్సీలు చాలావరకు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడతాయి. ఎండ నేరుగా పడే ఉక్కుకు అది మరీ దూరం కాదు. పట్టీ ఊడటం సాధారణంగా చివర్లలో మొదలవుతుంది. అంటించే ముందు ఇసుక చిమ్మి ఉక్కును తళతళలాడేలా శుభ్రం చేయాలి, కొత్త తుప్పు పట్టేలోగా జిగురు పూయాలి. ఆరాక చిన్న సుత్తితో వరసగా తట్టి వింటారు. డొల్ల మోత వచ్చినచోట లోపల గాలి బుడగ ఉన్నట్టే.