బాలాజీ వేఫర్స్: సినిమా హాలు క్యాంటీన్ నుంచి మన వీధి కొట్టు దాకా

ముంబయి, భివండి వైపు ఉండే మన తెలుగువాళ్లకు బాలాజీ వేఫర్స్ ప్యాకెట్ కొత్త కాదు. కిరాణా కొట్ల ముందు దండల్లా వేలాడుతూ కనిపిస్తుంది. పేరు చూసి ఇదేదో తిరుపతి వైపు వాళ్ల కంపెనీ అనుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. కాదు, ఇది గుజరాత్‌లోని రాజ్‌కోట్ కంపెనీ. మనకు బాలాజీ అంటే వేంకటేశ్వరస్వామి. గుజరాత్, రాజస్థాన్‌లలో బాలాజీ అంటే హనుమంతుడు. ఈ కంపెనీ పేరులో ఉన్నది ఆయనే.

విరానీల సొంతూరు జామ్‌నగర్ జిల్లాలోని ధున్-ధోరాజీ అనే పల్లె. వ్యవసాయ కుటుంబం. 1972 నాటి కరువు మన పెద్దలకు బాగా గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లోనే తండ్రి పోపట్‌భాయ్ పొలం అమ్మి, వచ్చిన 20,000 రూపాయలు కొడుకుల చేతిలో పెట్టారు. వాళ్లు రాజ్‌కోట్ వెళ్లి ఎరువులు, వ్యవసాయ పనిముట్ల వ్యాపారం పెట్టారు. నకిలీ సరుకు అంటగట్టినవాళ్ల చేతిలో మోసపోయారు. పొలం పోయింది, డబ్బూ పోయింది. ఊళ్లో ఉన్న నాలుగెకరాలు అమ్ముకుని పొట్ట చేతబట్టుకుని వచ్చిన కుటుంబాలు మన సంఘాల్లోనూ ఉన్నాయి కాబట్టి, దీని బరువు ఎంతో వేరే చెప్పనక్కర్లేదు.

1974లో అన్నదమ్ములు రాజ్‌కోట్‌లోని ఆస్ట్రాన్ సినిమా హాలు క్యాంటీన్‌లో పనికి కుదిరారు. చందూభాయ్ విరానీ జీతం నెలకు 90 రూపాయలు. క్యాంటీన్ పనితో పాటు పోస్టర్లు అంటించడం, గేటు దగ్గర నిలబడటం, చిరిగిన సీట్లు బాగుచేయడం కూడా ఆయన చేసేవారు. కొన్నాళ్లకు యజమాని క్యాంటీన్‌నే వాళ్లకు కాంట్రాక్టుకు ఇచ్చారు.

అక్కడ ఆలుగడ్డ వేఫర్లు బాగా పోయేవి. బయటినుంచి తెచ్చే సరుకు మాత్రం వేళకు వచ్చేది కాదు. అందుకని 1982లో సుమారు 10,000 రూపాయలతో ఇంటి ఆవరణలోనే ఒక షెడ్డు వేసి, మూకుడు పెట్టి వేయించడం మొదలుపెట్టారు. వంటమనిషి రాని రోజు చందూభాయే రాత్రంతా వేయించేవారట. 1989లో బ్యాంకు అప్పుతో రాజ్‌కోట్ ఆజీ పారిశ్రామికవాడలో ఫ్యాక్టరీ కట్టారు. 1992లో అది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయింది. క్యాంటీన్‌కూ ఫ్యాక్టరీకీ మధ్య 15 ఏళ్లు. మొదటి ఏడాదిలోనే పెద్ద అప్పు ఇప్పించమని సంఘం ఆఫీసుకు వచ్చే మన కుర్రాళ్లు ఈ తేదీలు ఒకసారి చూసుకుంటే బాగుంటుంది.

అంతర్జాతీయ కంపెనీలు ఎదురుగా ఉండగా ఇది ఎలా నిలబడిందన్నది అసలు ప్రశ్న. జవాబు చాలావరకు లారీలో ఉంది. చిప్స్ ప్యాకెట్‌లో బరువు తక్కువ, గాలి ఎక్కువ. ముక్కలు విరగకుండా, నూనె కారు వాసన రాకుండా అందులో నైట్రోజన్ నింపుతారు. లారీ నిండిపోయినా సరుకు బరువు కొంచెమే ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ ప్యాకెట్ మీద పడే కిరాయి పెరిగిపోతుంది. అందుకే అమ్మే చోటికి దగ్గరలో ఫ్యాక్టరీ ఉన్నవాడికి లాభం. బాలాజీ కూడా ఒక ప్రాంతంలో గట్టిపడ్డాకే ఇంకో ప్రాంతానికి వెళ్లింది. 2008లో వల్సాడ్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. అది ముంబయి దారిలోనే ఉంది, మహారాష్ట్ర దాటితే చాలు. తర్వాత మధ్యప్రదేశ్ కోసం ఇండోర్‌లో పెట్టింది. ప్రకటనలకు పెద్దగా ఖర్చు పెట్టకుండా, అదే అయిదు రూపాయలకు కాస్త ఎక్కువ తూకం ఇవ్వడం దాని పద్ధతి. పిల్లలకు ఆ లెక్క మనకంటే ముందే తెలుసు.

రెండోది ఆలుగడ్డ. కిలో చిప్స్‌కు సుమారు నాలుగు కిలోల గడ్డలు కావాలి, మిగతాదంతా నీరే. కూరకు వాడే రకం దీనికి పనికిరాదు. బాగా చల్లటి గోదాములో ఉంచితే గడ్డలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, అలాంటివి వేయిస్తే నల్లబడతాయి. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టిన గడ్డలు వేయించిన ఆడవాళ్లకు ఇది అనుభవమే. అందుకే చిప్స్‌కు లేడీ రొసెట్టా, కుఫ్రీ చిప్సోనా లాంటి రకాలు వాడతారు, పది డిగ్రీలకు తగ్గకుండా నిలవ చేస్తారు. ఉత్తర గుజరాత్‌లోని డీసా ప్రాంతం ఆలుగడ్డకు పెట్టింది పేరు. ఫ్యాక్టరీకి ముడిసరుకు సొంత రాష్ట్రంలోనే దొరికింది.

ఇప్పుడు కంపెనీ ఏడాది అమ్మకాలు అయిదు వేల కోట్లు దాటాయి. పెప్సీకో వాటా అడిగిందని పదేళ్ల కిందట వార్తలు వచ్చాయి, విరానీలు ఒప్పుకోలేదు. 2025 చివర్లో మాత్రం జనరల్ అట్లాంటిక్ అనే పెట్టుబడి సంస్థకు సుమారు ఏడు శాతం వాటా ఇచ్చేందుకు ఒప్పందం కుదిరిందని పత్రికలు రాశాయి. పోటీదారుకు ఇవ్వకుండా, నడిపే అధికారం వదులుకోకుండా ఇచ్చారు కాబట్టి అది తెలివైన పనే అని నా ఉద్దేశం. మిగతా వాటా కుటుంబం దగ్గరే ఉంది, వ్యవహారాల్లోకి తర్వాతి తరం కూడా వచ్చింది.