బ్లాగర్‌లో డిస్కస్ కామెంట్లు పెట్టాలనుకుంటున్నారా? కోడ్ పేస్ట్ చేసే ముందు ఇది చూడండి

నేను ఆత్మకూరు నుంచి ఒక చిన్న ఫోన్ బ్లాగ్ నడుపుతున్నా. నిజం చెప్పాలంటే నా రివ్యూల కంటే వాటి కింద వచ్చే కామెంట్లే ఎక్కువ పనికొస్తాయి. "అన్నా, జూరాల పక్కన మా ఊర్ల సిగ్నల్ ఒక్క గీతే ఉంటది, దీంట్ల వైఫై కాలింగ్ వస్తదా?" అని ఒక తమ్ముడు అడిగిండు. ఇలాంటి ప్రశ్న ఏ స్పెక్ షీట్‌లోనూ దొరకదు. అందుకే కామెంట్ సిస్టమ్ మార్చడం అంటే థీమ్ రంగు మార్చినంత తేలిక కాదు.

బయటి కామెంట్ సిస్టమ్ ఎలా పని చేస్తుందో ముందు చూద్దాం. మీరు టెంప్లేట్‌లో పెట్టేది ఒక చిన్న జావాస్క్రిప్ట్ మాత్రమే. పేజీ ఓపెన్ అయినప్పుడు అది ఆ కంపెనీ సర్వర్‌కి వెళ్లి, ఈ పోస్ట్‌కి సంబంధించిన కామెంట్లు తెచ్చి ఒక ఫ్రేమ్‌లో చూపిస్తుంది. అంటే కామెంట్లు ఉండేది మీ బ్లాగ్‌లో కాదు, వాళ్ల దగ్గర!

డిస్కస్ అయితే సెటప్ సింపులే. అకౌంట్ తెరిచి, సైట్‌కి ఒక షార్ట్‌నేమ్ పెట్టాలి (తర్వాత మార్చడం కుదరదు, ఆలోచించి పెట్టండి). ప్లాట్‌ఫామ్ లిస్టులో బ్లాగర్ ఎంచుకుంటే విడ్జెట్ మీ లేఅవుట్‌లో చేరిపోతుంది. దీనికి ముందు థీమ్ బ్యాకప్ ఫైల్ డౌన్‌లోడ్ చేసుకోవడం మాత్రం మర్చిపోవద్దు. పాత కామెంట్లు కనబడకపోతే కంగారు పడకండి, అవి బ్లాగర్‌లోనే దాగి ఉంటాయి.

అసలు తలనొప్పి అడ్రస్ దగ్గర వస్తుంది. చాలా సిస్టమ్‌లు ఏ కామెంట్ ఏ పోస్ట్‌దో యూఆర్ఎల్ చూసి గుర్తుపడతాయి. 2012లో గూగుల్ మన దేశంలోని పాఠకులను బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్‌కి మళ్లించడం మొదలుపెట్టినప్పుడు, ఒకే పోస్ట్‌కి రెండు అడ్రస్‌లు అయ్యాయి. అలాంటప్పుడు డాట్ కామ్‌లో రాసిన కామెంట్ డాట్ ఇన్‌లో చూసేవాళ్లకి కనబడకుండా పోయే ప్రమాదం ఉంటుంది. సొంత డొమైన్ కొన్నప్పుడు కూడా ఇదే కథ. డిస్కస్‌లో దీనికి యూఆర్ఎల్ మ్యాపర్ అనే టూల్ ఉంది.

ఇక ఫ్రీ ప్లాన్ సంగతి. డిస్కస్ ఫ్రీ ప్లాన్ యాడ్స్ మీద నడుస్తుంది. 2017 డిసెంబర్‌లో దాన్ని జీటా గ్లోబల్ అనే మార్కెటింగ్ కంపెనీ కొన్నది. అనుమతి లేకుండా యూజర్లను ట్రాక్ చేసిందని 2021లో నార్వే డేటా రక్షణ సంస్థ 2.5 కోట్ల క్రోనర్ల జరిమానా వేయబోతున్నట్టు నోటీసు ఇచ్చింది. యాడ్స్ వద్దనుకుంటే గిట్‌హబ్ డిస్కషన్స్ మీద నడిచే గిస్కస్ ఉంది, చాలా శుభ్రంగా ఉంటుంది. కానీ కామెంట్ రాయాలంటే గిట్‌హబ్ అకౌంట్ కావాలి. కోడింగ్ బ్లాగ్‌కి ఓకే గానీ, జూరాల తమ్ముడిని గిట్‌హబ్‌లో చేరమని ఎట్లా చెప్తాం?

పెద్ద కంపెనీ కదా, ఏం కాదులే అనుకోవద్దు. 2013 ఏప్రిల్‌లో గూగులే తన బ్లాగర్‌లో గూగుల్ ప్లస్ కామెంట్లు తెచ్చింది. 2019 ఫిబ్రవరి 4న తీసేసింది. ఏప్రిల్ 2న గూగుల్ ప్లస్సే మూతపడింది, ఆ కామెంట్లూ పోయాయి.

నేను కూడా ఒక ఫ్రీ సర్వీస్ (పేరెందుకులే) ఎనిమిది నెలలు వాడా. తక్కువ ర్యామ్ ఫోన్లలో పేజీ ముక్కుతూ తెరుచుకునేది. ఒకరోజు నా రివ్యూ కిందే లోన్ యాప్ యాడ్ కనబడింది. డబ్బుల్లేక ఈఎంఐ గురించి అడిగే పిల్లలు చదివే పేజీ అది. అదే రోజు తీసేసి, బ్లాగర్ సొంత కామెంట్లకి మోడరేషన్ పెట్టుకుని వచ్చేశా.

మీరు బయటిదే వాడతానంటే రెండు పనులు చేయండి. "కామెంట్లు చూడండి" అనే బటన్ నొక్కాకే స్క్రిప్ట్ లోడ్ అయ్యేలా పెట్టండి. నెలకోసారి ఎక్స్‌పోర్ట్ ఫైల్ తీసి దాచుకోండి. నా ఎనిమిది నెలల ఫైల్ ల్యాప్‌టాప్‌లో ఉంది. అందులోని ప్రశ్నలు, జవాబులు ఇప్పుడు ఒక్కొక్కటిగా పోస్టుల్లోనే చేరుస్తున్నా. వైఫై కాలింగ్‌ది మొదట చేర్చా.